టిటోడి ఎవరి పిట్ట?

 

నాది దేవరుప్పుల మండలంలో ఒక చిన్న తండా. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న, లైఫ్ సైన్సెస్. మొన్ననే రెండో సంవత్సరం పరీక్షలు అయినయి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈ గ్రూపులో స్కాలర్‌షిప్‌ల గురించి, నోటిఫికేషన్ల గురించి, పోడు భూముల గురించి చాలా పోస్టులు చదివిన. ఎప్పుడూ ఏమీ రాయలే. ఇవాళ రాస్తున్న, అదీ ఒక పిట్ట గురించి. పిట్ట గురించి ఇంత పొడుగు పోస్టా అని నవ్వకండి. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. ఇందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. మీలో ఎవరూ అది చేయొద్దని రాస్తున్న.

మొదటి సంవత్సరంలో, హాస్టల్‌కు వచ్చిన కొత్తలో జరిగింది ఇది. రాత్రి పదకొండు దాటింది, కరెంటు పోయింది. అందరం మిద్దె మీదికి ఎక్కినం. హాస్టల్ వెనక ఖాళీ జాగా ఉంటది, వాన నీళ్లు నిలిచి చిన్న కుంటలెక్క అయింది. అక్కడినుంచి ఒక పిట్ట లేచి మా నెత్తిమీద తిరుక్కుంట అరుస్తున్నది. గొంతు చాలా పదునుగా ఉంటది, చీకట్లో ఇంకా గట్టిగా వినబడతది.

"తీతువ పిట్ట రా. ఎవరో పోతరు ఇయ్యాల," అన్నడు ఒకడు.

"కొట్టండ్రా దాన్ని," అన్నడు ఇంకొకడు.

కింద ఉన్న పెద్దాయన అప్పటికే టార్చిలైటు వేసి రాళ్లు విసురుతున్నడు. మావాళ్లు కూడా మిద్దె మీద పెచ్చులూడిన సిమెంటు ముక్కలు ఏరి విసిరిండ్రు. నేనూ విసిరిన. కొత్తగా చేరిన పిల్లగాన్ని, తండా నుంచి వచ్చినోన్ని, అందరితో కలిసిపోవాలని ఉంటది కదా. నా రాయి దానికి తగలలే. కానీ విసిరినప్పుడే చెయ్యి ఎందుకో తప్పు చేసినట్టు అనిపించింది. ఆ పిట్ట నాకు తెలుసు. మా ఇంట్లో దాన్ని తీతువు అనరు, టిటోడి అంటరు. మా దాది, అంటే మా బాపు వాళ్ల అమ్మ, దాన్ని కొట్టనియ్యదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్న. పొడుగు పసుపు కాళ్లు, నల్ల మెడ, తెల్ల కడుపు, కంటి ముందు ఎర్రటి తోలు ముక్క ఉంటది. చెట్టు మీద వాలదు. గూడు కట్టదు. చెలకలోనో, చెరువు ఒడ్డునో నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ నాలుగు గులకరాళ్లు పెట్టి అక్కడే గుడ్లు పెడతది. గుడ్లు కూడా మచ్చలతో అచ్చం గులకరాళ్ల లెక్కనే ఉంటయి. రెండడుగుల దూరంలో నిలబడ్డా కనబడవు. ఆడదీ మగదీ రెండూ పొదుగుతయి. ఎండ ఎక్కువైతే నీళ్లలో కడుపు తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తయి. దగ్గరికి మనిషి వచ్చినా, కుక్క వచ్చినా, పాము వచ్చినా లేచి నెత్తిమీద తిరుగుతూ అరుస్తయి. పగలు రాత్రి తేడా లేదు. వేటకు పోయినోళ్లకు ఈ పిట్ట అంటే పడదు, ఎందుకంటే అడవి మొత్తానికి కబురు చెప్తది.

మా దాదికి ఈ పిట్టతో వాన లెక్కలు కూడా ఉండేవి. రోహిణి కార్తెలో చెలకకు పోయి గుడ్లు ఎక్కడ పెట్టిందో వెతికేది. గట్టు మీద, ఎత్తు జాగలో పెడితే ఆ ఏడు వానలు ఎక్కువ. పల్లంలో పెడితే కరువు. నాలుగు గుడ్లుంటే నాలుగు నెలలు వాన. జువాలజీ చదివినంక నాకు తెలిసింది, అది సాధారణంగా పెట్టేదే నాలుగు గుడ్లు అని. అంటే మా దాది జోస్యం సగం ముందే గెలిచినట్టు! ఇదే లెక్క రాజస్థాన్‌లో, గుజరాత్‌లో రైతులు ఇప్పటికీ చెప్తరని తర్వాత చదివిన. గుజరాతీలో ఈ పిట్ట పేరు కూడా టిటోడినే. మనం ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట, లదేణి చేసుకుంట ఉత్తరం నుంచి దక్కన్‌కు వచ్చినం అని పెద్దలు చెప్తరు. దానికి కాగితం అడిగితే మన దగ్గర లేదు. కానీ ఒక పిట్ట పేరు, దాని గుడ్ల లెక్క మాత్రం మా దాది నోట్లో అక్కడినుంచి ఇక్కడిదాకా వచ్చినయి.

ఆ దసరా సెలవులకు ఇంటికి పోయిన. అన్నం తినుకుంట నవ్వుకుంట చెప్పిన, హాస్టల్లో ఇట్ల టిటోడి వస్తే అందరం రాళ్లు విసిరినం అని. దాది చేతిలో ముద్ద ఆగింది.

"నువ్వు కూడా విసిరినవా?"

"అందరూ విసిరిండ్రు దాదీ."

"నిన్ను అడుగుతున్న."

నేను ఏం మాట్లాడలే. దాది కూడా ఆ పూట మాట్లాడలే. పొద్దుగూకినంక మంచంలో కూర్చొని తానే పిలిచింది. "ఇటు రా, ఒక మాట చెప్త, విను" అన్నది. ఫోన్ తీసి రికార్డు పెట్టిన. పదకొండు నిమిషాలు వచ్చింది. దాది మాట్లాడింది గోర్ బోలిలో, నేను తెలుగులో రాస్తున్న. కొంత పోతది, పోయిందని తెలిసే రాస్తున్న.

దాది చెప్పింది అర్థం కావాలంటే మా ఏరియా గురించి కొంచెం తెలియాలె. మా మండలంలోనే కడవెండి ఉంది. 1946 జూలై 4న విసునూరు దొర మనుషులు కాల్చిన కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయింది ఆ ఊళ్లోనే. తెలంగాణ సాయుధ పోరాటం అక్కడినుంచే రాజుకుందని పుస్తకాల్లో ఉంటది. చాకలి ఐలమ్మ పాలకుర్తి మాకు పక్కనే. ధర్మాపురం దగ్గరి తండా బిడ్డ జాటోత్ ఠాను నాయక్ భూమి కోసం దొరలతో కొట్లాడి 1950లో ప్రాణం ఇచ్చిండు. కొమురయ్య పేరు, ఐలమ్మ పేరు బడిలో చదువుకున్నం. ఠాను నాయక్ పేరు నేను బడిలో వినలే, తండాలో విన్న. ఇక మామూలు తండాలల్ల ఆడోళ్లు, పిల్లలు ఆ రాత్రుళ్లు ఎట్ల గడిపిండ్రో ఎక్కడ చదవాలె?

దాదికి అప్పుడు పాలపళ్లు ఊడే వయసు. తాను పుట్టిన తండాలో జరిగిన సంగతి చెప్పింది. రజాకార్ల కాలం. మగవాళ్లు రాత్రిపూట ఇంట్లో పండేవాళ్లు కాదట. వడిసెలలు పట్టుకొని చెలకల్లో, వాగు పొంట పండేవాళ్లు. ఇళ్లల్లో ఆడోళ్లు, ముసలోళ్లు, పిల్లలు. ఒక రాత్రి వాగు అవతల టిటోడి అరిచింది. కొంచెంసేపు ఆగింది. మళ్లీ ఈసారి ఇవతల అరిచింది, ఒకటి కాదు రెండు. దాది వాళ్ల అమ్మ లేచి కూర్చొని చెవి పెట్టి విన్నది. "కుక్కకైతే అరిచి ఊకుంటది. మనుషులు నడుస్తుంటే వాళ్ల నెత్తిమీదనే వస్తది. చాలామంది వస్తున్నరు" అన్నదట. పొయ్యిలో నిప్పు మీద నీళ్లు పోసింది. పక్కిళ్ల వాళ్లను గోడ తట్టి లేపింది. పిల్లలను తీసుకొని తండా వెనక సీతాఫలం చెట్ల గుట్టకు ఎక్కిండ్రు. తెల్లారి దిగి వస్తే రెండు గుడిసెలు కాలి ఉన్నయి. జొన్నల కాగు పగిలి ఉంది. ఒక మేక లేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నరు.

"అది అరవకపోతే మీ బాపు లేడు, నువ్వు లేవు. రాయి విసిరేటోనివి, ఎట్ల పుట్టినవ్ అనుకుంటున్నవ్?" అన్నది దాది. రికార్డు అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు నా తప్పు చెప్తా. సంక్రాంతి దాటినంక ఫోన్ స్టోరేజ్ నిండింది. పరీక్షల పీడీఎఫ్‌లు దిగుతలేవు. పెద్ద ఫైళ్లు ఏవో చూసి అన్నీ ఒక్కసారి సెలెక్ట్ చేసి తీసేసిన. అందులో దాది ఉంది. నాకు నెల రోజుల దాకా తెలియనే లేదు. తెలిసినంక కూడా పెద్దగా బాధపడలే. దాది ఇంటి దగ్గరే ఉంది కదా, ఉగాదికి పోయి మళ్లీ చెప్పించుకుంట అనుకున్న. ఉగాదికి వారం ముందు బాపు ఫోన్ చేసిండు. నేను పోయేసరికి దాదిని ఇంటి ముందు వాకిట్లో పండబెట్టిండ్రు.

ఏడ్చినోళ్లందరితో నేనూ ఏడ్చిన. నేను దేనికి ఏడుస్తున్ననో ఎవరికీ చెప్పలే. దాది గొంతు నా జేబులో ఉండె, నేనే తుడిచేసిన.

దినాలు అయినంక ఒకరోజు చెల్లెకు చెప్పిన. అది అప్పుడు ఎనిమిదో తరగతి. ఏం మాట్లాడకుండ లోపలికి పోయి సోషల్ నోట్‌బుక్ తెచ్చింది. వెనక నుంచి తిప్పి చూపించింది. మూడు పేజీలు. ఆ రాత్రి నేను ఫోన్ పట్టుకొని కూర్చున్నప్పుడు అది పక్కన హోంవర్క్ చేస్తుండె. హోంవర్క్ ఆపి దాది చెప్పేది రాసుకుంట పోయింది. ఎందుకు రాసినవే అంటే, "ఊకనే. బాగుండె" అన్నది. తెలుగు అక్షరాల్లో మన గోర్ బోలి మాటలు. స్పెల్లింగులు తప్పులే ఉన్నయి, కానీ దాది మాట దాది మాటలెక్కనే ఉంది.

ఆ మూడు పేజీల్లో నేను పూర్తిగా మర్చిపోయిన ఒక సంగతి ఉంది. ఇల్లు దాటేముందు దాది వాళ్ల అమ్మ తన కాళ్ల కడియాలకు, జడకు వేలాడే గజ్జెలకు, బట్టల మీద కుట్టిన గవ్వలకు, బిళ్లలకు పాత గుడ్డ పేలికలు చుట్టింది. మన ఆడోళ్లు నడిస్తే ఎంత చప్పుడు వస్తదో మీకు తెలుసు. ఆ చప్పుడు ఆపనీకి అన్నిటికీ గుడ్డ చుట్టి, అప్పుడు పిల్లలను ఎత్తుకున్నది. పదకొండు నిమిషాలు చెవులారా విని, రికార్డు చేసి కూడా నాకు గుర్తులేని ముక్క అది. నాకు పిట్ట ఒక్కటే గుర్తున్నది.

రెండో సంవత్సరంలో మా ఇంగ్లిష్ సార్ క్లాసులో ఐర్లాండ్ గురించి చెప్పిండు. అది కూడా చాలాకాలం వేరేవాళ్ల పాలనలో ఉన్న దేశమే. వాళ్ల సొంత భాష చాలా ఊళ్లల్ల మాయమయ్యే దశకు వచ్చింది. స్వతంత్రం వచ్చినంక, 1937 నుంచి 1939 దాకా అక్కడ ఒక పని చేసిండ్రు. బడి పిల్లలకు నోట్‌బుక్‌లు ఇచ్చి, మీ ఇంట్లో ముసలోళ్లను అడిగి ఊరి కథలు, వైద్యాలు, సామెతలు, దయ్యాలు, అడవి పిట్టల గురించి నమ్మకాలు అన్నీ రాసుకొని రండి అన్నరు. దాదాపు 5,000 బడులు, 50,000 మంది పిల్లలు. రాసినోళ్లు పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలే ఎక్కువ. ఆ నోట్‌బుక్‌లు ఇప్పటికీ భద్రంగా ఉన్నయి, ఇంటర్నెట్లో ఎవరైనా చదువుకోవచ్చు. సార్ చెప్తుంటే నాకు మా చెల్లె సోషల్ నోట్‌బుక్కే కళ్లముందు కనబడ్డది.

హాస్టల్‌కు వచ్చి వెతికిన. పిట్టల కథలు ఎన్నో ఉన్నయి. అందులో రెన్ అని ఒక బుల్లిపిట్ట కథ ఉంది. ఐర్లాండ్ సైనికులు ఒక రాత్రి నిద్రపోతున్న శత్రువుల మీదికి చప్పుడు కాకుండ పోతున్నరట. అంతలో ఈ పిట్టలు శత్రువుల డోలు మీద వాలి ముక్కుతో పొడిచినయి. ఆ చప్పుడుకు శత్రువులు లేచిండ్రు, మనోళ్లు చచ్చిండ్రు. శత్రువులంటే కొన్ని ఊళ్లల్ల వైకింగులు అంటరు, కొన్ని ఊళ్లల్ల క్రామ్వెల్ సైనికులు అంటరు. ఇద్దరి మధ్య వందల ఏళ్ల తేడా ఉన్నా కథ మాత్రం ఒకటే. అందుకే డిసెంబర్ 26న పిల్లలు రెన్ పిట్టను వేటాడి, కర్రకు కట్టి ఇల్లిల్లు తిరిగి పైసలు అడిగేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల బొమ్మ పిట్టనే కడుతున్నరట.

అది చదివి నవ్వుకున్న. మా పిట్ట మమ్మల్ని కాపాడింది, వాళ్ల పిట్ట వాళ్లను పట్టించింది, మేమే నయం అనుకున్న. ఆ నవ్వు ఎక్కువ రోజులు ఉండలే.

మా రూమ్‌లో ఒక దోస్తు ఉన్నడు, మహబూబాబాద్ జిల్లా వాడు, అడవి అంచు తండా. దీపావళికి వాళ్ల ఇంటికి తీసుకపోయిండు. వాళ్ల తాతకు తొంభై దగ్గర ఉంటయి, చెవులు కొంచెం మందం, మాట మాత్రం గట్టిగా ఉంది. పొద్దుగాల చెలక దిక్కు పోతుంటే టిటోడి లేచి అరిచింది. తాత వంగి రాయి తీసిండు. ఆ వయసులో ఆయన విసిరిన తీరు చూసి నాకు భయమైంది.

"తాతా, కొట్టకు. అది మంచి పిట్ట," అన్న.

"ఎవలు చెప్పిండ్రు నీకు మంచిదని?"

దాది కథ మొత్తం చెప్పిన. తాత విన్నడు. ఒడ్డు మీద కూర్చొని బీడీ ముట్టించి తన కథ చెప్పిండు.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయింది, నైజాం పోయింది, రజాకార్లు పోయిండ్రు. మనకు పండుగే కావాలె. కానీ సంఘం వాళ్ల కోసం, దళాల కోసం 1951 దాకా మిలిటరీ, పోలీసులు తండాలు, గూడేలు గాలించిండ్రు. అడవి పక్కన ఉన్న ఊళ్లను ఖాళీ చేయించి క్యాంపులల్ల పెట్టిండ్రు. ఈ సంగతి పుస్తకాల్లో కూడా ఉంది. తాతకు అప్పుడు పది పన్నెండేళ్లు. వాళ్ల తండా మీదికి వస్తున్నరని కబురు తెలిసి, నాలుగైదు ఇళ్ల వాళ్లు రాత్రికి రాత్రి అడవిలోకి బయలుదేరిండ్రు. కుంట పక్కనుంచి పోవాలె. అక్కడ టిటోడి గుడ్లు పెట్టి ఉంది. లేచింది. నెత్తిమీద తిరుక్కుంట అడవి దాకా వెంట వచ్చింది. వెనక వచ్చేటోళ్లకు ఆ అరుపే తొవ్వ చూపించింది. తాత వాళ్ల బాపును, ఇంకొకాయనను పట్టుకున్నరు. బాపు చాలా నెలలకు వచ్చిండు. వచ్చినంక మళ్లీ సక్కగా నడవలేదు.

"మా యాడి కాళ్ల కడియాలకు గుడ్డ చుట్టింది. గజ్జెలకు చుట్టింది. పసిపిల్ల నోట్లె గుడ్డ పెట్టింది. అన్నిటికీ చుట్టినం బిడ్డా. దాని నోటికి చుట్టలేకపోయినం," అన్నడు తాత.

నాకు ఒళ్లు జలదరించింది. పిట్ట పట్టించిందని కాదు. గుడ్డ పేలికల గురించి. మా దాది తండాకు, ఈ తాత తండాకు మధ్య ఎంతో దూరం. ఇద్దరూ ఒకర్నొకరు చూసింది లేదు. నేను చెప్పిన కథలో కూడా గుడ్డల ముచ్చట రాలే, పిట్టను మంచిదని నిరూపించాలనే ఆత్రంలో మళ్లీ దాన్ని వదిలేసిన. తాత తనంతట తానే చెప్పిండు.

హాస్టల్‌కు వచ్చినంక చాలా రోజులు ఇదే ఆలోచన. మొదట తాత మీద కోపం వచ్చింది, మా దాది కథ పాడు చేసిండని. ఎవరి కథ నిజం? ఇంకా వెతికితే స్కాట్లాండ్ సంగతి దొరికింది. అక్కడ 17వ శతాబ్దంలో రాజు చెప్పిన మతపద్ధతి మాకొద్దన్న జనం బీడు భూముల్లో దాక్కునేవాళ్లు. అక్కడి తీతువు, మన టిటోడికి చుట్టం లాంటిది, వాళ్ల మీద తిరుగుతూ అరిచి సైనికులకు జాడ చూపించిందట. ఆ ప్రాంతం వాళ్లు తరాల తరబడి ఆ పిట్టను అసహ్యించుకున్నరు. అది అచ్చం తాత కథే.

ఇద్దరివీ నిజమే అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. టిటోడి మన తరఫున అరవలే, వాళ్ల తరఫునా అరవలే. దాని నాలుగు గుడ్ల కోసం అరిచింది. దాది కథలో నడిచి వచ్చింది రజాకార్లు, దాక్కున్నది మనం. తాత కథలో నడిచింది మనం. అంతే తేడా. చీకట్లో ఎవరు నడిస్తే వాళ్ల మీద అరుస్తది. ఊళ్లో ఈ పిట్ట అరిస్తే చావు కబురు అని ఎందుకంటరో కూడా నాకు ఒక ఆలోచన వచ్చింది, ఇది నా ఊహ మాత్రమే. వెనకట రాత్రిపూట చెలకల్లో నడిచేది ఎవరు? దొంగలు, సిపాయిలు, లేకపోతే పక్క ఊరి నుంచి చావు కబురు తెచ్చేవాళ్లు. పిట్ట అరిచినంక చెడ్డ కబురు వచ్చేది నిజమే కావొచ్చు. కబురు తెచ్చినోడు నడిచి వస్తేనే అది అరిచింది.

టిటోడి కాళ్లు పైకి పెట్టి పండుకుంటదని, ఆకాశం మీద పడకుండ కాళ్లతో ఆపుతదని ఊళ్లల్ల ఒక నవ్వులాట ఉంది. చిన్నప్పుడు నేనూ నవ్విన. పంచతంత్రంలో కూడా ఈ పిట్ట ఉంది. గుడ్లు ఎత్తుకుపోయిన సముద్రంతో కొట్లాటకు దిగుతది, చివరికి గుడ్లు తిరిగి తెచ్చుకుంటది. అంత చిన్న పిట్టకు అంత పొగరా అని చదివేవాళ్లకు నవ్వు వస్తది. నాకు ఇప్పుడు నవ్వు రాదు. రాత్రంతా నిద్ర లేకుండ పిల్లలను కాసుకున్న ఆడోళ్లను తలుచుకుంటే, ఆకాశం మీద పడుతుందని భయపడ్డది పిట్ట ఒక్కటే కాదు.

బైరాన్‌పల్లిలో ఊరి బురుజు మీద కాపలా ఉండి, రజాకార్లు వస్తే నగారా కొట్టేవాళ్లని చదివినం. 1948 ఆగస్టు 27న అక్కడ జరిగిన ఊచకోత గురించి పుస్తకాలున్నయి, స్తూపం ఉంది. ఆ బురుజు ఇప్పటికీ ఉంది, పోయి చూడొచ్చు. మన తండాలకు బురుజులు లేవు, నగారాలు లేవు. పిట్ట ఉండె. పిట్ట స్తూపం కాదు, నిలబడి ఉండదు. చెప్పేవాళ్లు ఉన్నన్ని రోజులే ఉంటది. గుడ్డ పేలికలు అయితే అవీ లేవు, అప్పుడే చినిగి పోయుంటయి. మా ఇంట్లో అవి మిగిలింది ఎనిమిదో తరగతి సోషల్ నోట్‌బుక్ వెనక పేజీల్లోనే.

అందుకే ఈ పోస్టు. గ్రూపులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లం ఎంతోమందిమి ఉన్నం. సెలవుల్లో అందరం ఇంటికే వస్తం. ఆ కాలం కళ్లతో చూసినోళ్లు ఇప్పుడు ఎనభై దాటినోళ్లు. ఇంకో అయిదారేళ్లు ఆగితే అడగనీకి ఎవరూ ఉండరు. నేను, చెల్లె మొదలుపెట్టినం. మాకు తెలిసింది కొంత చెప్తున్నం.

ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ అదే రోజు ఇంకో ఇద్దరికి పంపండి. నా లెక్క ఒక్క జేబులో పెట్టుకోవద్దు. రికార్డు చేసినా సరే, చేత్తో కూడా రాయండి. రాసేటప్పుడు మన భాషలోనే, గోర్ బోలి అయితే గోర్ బోలి, కోయ అయితే కోయ, తెలుగు అక్షరాల్లో రాయండి. తెలుగు అర్థం తర్వాత పక్కన రాసుకోవచ్చు. చెప్పినవాళ్లు ఎవరు, ఎక్కడ పుట్టిండ్రు, అప్పటికి ఎంత వయసు, ఎవరి దగ్గర విన్నరు, ఇవన్నీ పైన రాయండి. పేరు బయట పెట్టాల్నా వద్దా అన్నది వాళ్లనే అడగండి. తేదీలు అడిగి సతాయించకండి. "ఆ ఏడు మీ ఇంట్లో ఏం వండుకున్నరు, రాత్రి ఎక్కడ పండేవాళ్లు, ఏం చప్పుళ్లు వినొచ్చేవి" అని అడగండి. తేదీ అడిగితే మా తాత నోరు మూసుకున్నడు, చప్పుళ్లు అడిగితే గంట సేపు చెప్పిండు.

ఇంకొకటి ముఖ్యం. మీ ఇంటి కథకు ఎదురు కథ వస్తే, దాన్ని కూడా రాయండి. మన దాది చెప్పిందే కరెక్టని కొట్లాడకండి. నేను కొట్లాడి ఉంటే తాత గుడ్డ పేలికల మాట దాకా వచ్చేవాడు కాదు. కోయ గూడేల అన్నలు, అక్కలు, మీ దగ్గర ఈ పిట్టను ఏమంటరు? మీ తాతల కథల్లో అది ఏ దిక్కున ఉంది? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

చివరగా ఒక్క మాట. మొన్న రోహిణి కార్తెలో పత్తి చెలక దున్నుతుంటే నేను బాపు వెంట ఉన్న. కిరాయి ట్రాక్టర్, గంటకు ఇంత అని పైసలు. గట్టు దగ్గర టిటోడి జంట లేచి ట్రాక్టర్ ముందుకు వచ్చి అరుస్తున్నయి. రెక్క విరిగినట్టు నేలమీద ఈడ్చుకుంట అటు పోతున్నయి, ఇటు వస్తున్నయి. డ్రైవర్ ఆపలే. బాపు ముందుకు ఉరికి చెయ్యి అడ్డం పెట్టిండు. డ్రైవర్ విసుక్కున్నడు. బాపు మంచం పట్టేంత జాగ చుట్టూ నాలుగు కర్రపుల్లలు పాతి, "ఇది వదిలి దున్ను" అన్నడు. బాపు బడికి పోలేదు, దాది కథ ఎన్నడూ నోటితో చెప్పిన మనిషి కూడా కాదు.

పుల్లల మధ్య గులకరాళ్లల్ల వెతికితే మూడు గుడ్లు కనబడ్డయి. చెల్లె వంగి చూసి నాలుగోది చూపించింది. గట్టు మీదనే ఉన్నయి, ఎత్తు జాగ. తారీఖు వేసి, ఆ సంగతి కూడా అది నోట్‌బుక్‌లో రాసుకున్నది. వానలు ఎట్లుంటయో చూడాలె.

జై సేవాలాల్.